యంత్రం చదవని మాట

నాగవ్వ నిన్న రక్తం ఇచ్చి వచ్చింది. ఇవాళ రిపోర్టు కోసం కోడలిని వెంటబెట్టుకుని పోతే, ల్యాబ్ అతను కంప్యూటర్ తెర వైపు ఒకసారి, ఆమె ముఖం వైపు ఒకసారి చూసి, "నీ పేరే లేదవ్వా. నువ్వు నిన్న రానే రాలె" అన్నాడు.

"రాకపోవుడేంది కొడుకా? గీ కుర్సీలనే కూసున్న. గీ చెయ్యే ఇచ్చిన." నాగవ్వ కొంగు తప్పించి మోచేతి మడత చూపించింది. సూది దిగిన చోట చర్మం కందిపోయి ఉంది.

"గది యాడ పొడిపిచ్చుకున్నవో నాకేం ఎరుక? ఈడ ఇచ్చినోళ్ల పేరు ఈడ ఎక్కుతది. ఎక్కలేదంటె ఇయ్యనట్టే. పెద్దమనిషివి, అబద్ధమాడుడు మంచిగుండదు."

బెంచీ మీద కూర్చున్నవాళ్లలో ఎవరో కిసుక్కుమన్నారు. కోరుట్లలో ముప్పాతిక వంతు ఇళ్లకు నాగవ్వ తెలుసు. ఏ బీడీల కార్ఖానాలోనూ ఆమె కట్టలో ఒక బీడీ తక్కువుందని ఇంతవరకు ఎవరూ అనలేదు. రెండో చెయ్యి చాపి, ముఖం గోడవైపు తిప్పుకుంది. "తియ్యి. ఇంకోసారి తియ్యి."

కోడలు వసంత ఆమె భుజం మీద చెయ్యి వేసి వెనక నిలబడింది. ఇక్కడ తీసిన రక్తం సీసాలు ఐసు డబ్బాలో జగిత్యాలలోని పెద్ద ల్యాబుకు పోతాయి. పేర్లు నెట్ మీద పోతాయి. పేరు రాని సీసాను అక్కడ పారబోస్తారు. ల్యాబ్ అతను పేరు కొడుతుండగానే కరెంటు పోయింది. సమ్మెతో బొగ్గు బావులు ఆగినప్పటి నుంచి కరెంటు తన ఇష్టం వచ్చినప్పుడు వచ్చి, ఇష్టం వచ్చినప్పుడు పోతోంది. బ్యాటరీ మీద కంప్యూటర్ నిలబడింది గాని, గోడకున్న నెట్ డబ్బా దీపాలన్నీ ఆరిపోయాయి. అయినా తెర మీద పచ్చటి టిక్కు వచ్చింది.

ఆ పచ్చరంగును వసంత గుర్తుపట్టింది. పెళ్లికి ముందు హైదరాబాదులో తాను పనిచేసిన కంపెనీ సాఫ్ట్‌వేరే అది. ఇప్పటికీ ఆ కంపెనీ ఇంటికి పంపే చిల్లర పని చేస్తూనే ఉంది.

"నెట్ లేదు కదన్నా. నిజంగ ఎక్కిందా?"

"పచ్చ టిక్కు కనపడ్తలేదా అక్కా? ఎక్కింది. ఇగ పోండి."

బయట చౌరస్తాలో దీక్షా శిబిరం నిండుగా ఉంది. సార్లు, ఆఫీసుల వాళ్లు, డిపో కార్మికులు మెడలో దండలతో కూర్చున్నారు. మైకులో ఎవరో "సకల జనుల సమ్మె" అంటే జనం "జై తెలంగాణ" అంటున్నారు. ఎప్పుడూ అక్కడ ఆగి ఒక మాట కలిపే నాగవ్వ ఇవాళ తలెత్తకుండా దాటిపోయింది. ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూ, "సూదికి కాదు బిడ్డా," అంది. "నలుగుట్ల అబద్ధాలకోరు అన్నడు."

*

మధ్యాహ్నం కరెంటు వచ్చింది. వసంత గిన్నెలు అట్లాగే వదిలేసి, పీట మీద లాప్‌టాప్ పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుంది. పక్కనే నాగవ్వ చాట ముందేసుకుని, తడి తునికాకు మీద రేకుముక్క పెట్టి కత్తెరతో కోస్తోంది.

పని పంపింది ఊర్మిల. ఒకప్పుడు వసంత పక్క కుర్చీలో కూర్చుని పని నేర్చుకున్న పిల్ల, ఇప్పుడు ఆ జట్టుకు పెద్ద. కంపెనీని ఇంకో పెద్ద కంపెనీ కొనబోతోంది. కొనేవాళ్లు వచ్చి కోడ్ చూస్తారు. చుట్టాలు వచ్చేముందు ఇల్లు సర్దినట్టు, కోడ్ మధ్యలో ఉన్న కామెంట్లు సర్దాలి. కామెంట్లంటే మనుషుల కోసం రాసిన మాటలు. యంత్రం వాటిని చదవదు, దాటి పోతుంది. ఈ లైను ఎందుకు రాశారో, ఇక్కడ ఏం తప్పు జరగవచ్చో తర్వాత వచ్చే మనిషికి తెలియాలని రాసి పెడతారు. "అవి మాత్రమే అక్కా. కోడ్ ముట్టద్దు," అని ఊర్మిల మరీ మరీ చెప్పింది.

వసంత అక్షరదోషాలు దిద్దింది. ఎప్పుడో మానేసి పోయినవాళ్ల పేర్లు తీసేసింది. "సర్వర్ గదిలో ఏసీ కారితే ఈ టైము పెంచాలి" అని ఎవరో రాసిన మాట దగ్గర ఆగి నవ్వుకుంది. ఆ ఏసీ ఆమెకు తెలుసు. దాని కింద బకెట్ పెట్టింది తనే. బకెట్ నిండిందా అని చూడటానికి లేస్తూ, తెర మీద నడుస్తున్న పని ఏమవుతుందోనని మళ్లీ మళ్లీ వెనక్కి తిరిగి చూసిన రోజులు. తెల్లబోర్డు మీద గీసి, చెరిపి, వాదించుకుని, చివరికి ఒక్క లైను మార్చగానే మొత్తం కదిలిన ఆ క్షణం ఎంత బాగుండేది! ఇప్పుడు ఆ లైన్ల పక్కన మాటలు సరిచేయడమే ఆమె వంతు. పని తొందరగా అయిపోకూడదని, చిన్నపిల్లలు మిఠాయిని చప్పరించినట్టు, నెమ్మదిగా ఒక్కొక్కటే చదువుతోంది.

తర్వాతి ఫైలు డేటాబేస్‌తో కనెక్షన్ తెగితే ఏం చెయ్యాలో చెప్పేది. తెరవగానే ఒక వాక్యం కనబడింది. "కనెక్షన్ తెగితే దాన్ని మూసి, రికార్డు చేరలేదని వాడేవారికి వెంటనే చెబుతాం."

అది తను రాసిన వాక్యం. ఆ జట్టులో కామెంటును పూర్తి వాక్యంగా రాసి చుక్క పెట్టేది తనొక్కతే. కొత్తవాళ్లు నవ్వేవాళ్లు కూడా. వసంత ఆ మాటను వేలితో తాకబోయి ఆగింది. అప్పుడు దాని కింద ఉన్న కోడ్ చదివింది. ఇంకోసారి చదివింది.

కింద తన కోడ్ లేదు. ఎవరో మార్చారు. కనెక్షన్ తెగిన సంగతిని అది పట్టుకుంటోంది, పట్టుకుని అక్కడే మింగేస్తోంది. మూయడం లేదు, మళ్లీ ప్రయత్నించడం లేదు. ఏమీ జరగనట్టు "అయింది" అని పైకి చెబుతోంది. పైన పచ్చ టిక్కు వస్తుంది. రికార్డు ఎక్కడికీ పోదు. ఎక్కడా ఉండదు.

"అత్తమ్మా," అంది వసంత.

నాగవ్వ తల ఎత్తలేదు. కోసిన ఆకులో తంబాకు పోసి, చుట్టి, దారం వేసి, కొసను గోటితో లోపలికి నొక్కింది. "ఏంది బిడ్డా?"

"ఏం లేదు."

సాయంత్రం మస్కట్ నుంచి భర్త జలపతి ఫోన్ చేశాడు. తల్లి సంగతి అడిగాడు, ఎండ సంగతి చెప్పాడు. వసంత పని సంగతి ఎత్తబోతే నవ్వాడు. "గా టైంపాస్ పని ఎందుకు పెట్టుకుంటవే? కండ్లు కరాబైతయి. అమ్మకు తోడుంటె చాలు, నేనున్న గద." అతను కోపంగా అనలేదు. ప్రేమగానే అన్నాడు. అందుకే వసంతకు ఎదురు చెప్పడం చేతకాలేదు. ఫోన్ పెట్టేశాక లాప్‌టాప్ ముందు కూర్చుని తన పాత వాక్యాన్ని తుడిచేసింది. దాని చోట, కింద ఉన్నది ఉన్నట్టుగా, ఇంకో వాక్యం రాసింది. "ఇక్కడ కనెక్షన్ తెగితే రికార్డు పోతుంది. పోయినా, చేరిందని వాడేవారికి చెబుతాం."

*

కోరుట్లలో నెట్ పనిచేయక, మర్నాడు వసంత ఆటోలో ఇరుక్కుని జగిత్యాల పోయింది. బస్టాండు గేటుకు తాళం వేసి ఉంది. ఆ వెనక సందులో దావీదు నెట్ సెంటర్ ఒక్కటే జనరేటర్ మీద నడుస్తోంది. దావీదుది రాయికల్ దగ్గరి పల్లె. పరీక్షల దరఖాస్తుల కోసం వచ్చిన పిల్లలతో, గల్ఫ్‌లో ఉన్నవాళ్లతో మాట్లాడటానికి వచ్చిన ఆడవాళ్లతో ఆ గది కిక్కిరిసి ఉంది.

"డీజిల్ ఉన్నంతసేపే అక్కా. జల్ది పంపుకో," అని ఆమెకు మూలనున్న కుర్చీ చూపించాడు.

ఫైళ్లు పంపి, అందాయన్న కబురు కోసం చూస్తుండగా ఫోన్ మోగింది. ఊర్మిల. సిరిసిల్లలో పుట్టింటికి వచ్చి, సమ్మెతో అక్కడే చిక్కుకుపోయింది.

"అక్కా, గా కనెక్షన్ ఫైల్‌ల ఏం రాసినవ్? కొనెటోళ్లు చదువుతరు గది!"

"చదవాలనే గద రాసేది."

"నీ పాత మాటే మంచిగుండె. గదే ఉంచు."

"గది నా మాటనే ఊర్మిలా. కానీ గిప్పుడది అబద్ధం. నా మాటను పైన పెట్టి కింద ఏం చేసిండ్రు మీరు?"

"అక్కా, నీకు చెప్పింది కామెంట్ల పని. కామెంట్లవరకే చూడు," అంది ఊర్మిల. గొంతులో కోపం కంటే బెదురే ఎక్కువ ఉంది. "మల్ల..." అనేలోపే లైన్ తెగిపోయింది. వసంత తిరిగి చేస్తే కలవలేదు. సిరిసిల్లలో వాళ్ల ఇంటి ఫోన్ నంబరు తన దగ్గర లేదని దావీదుతో అంది.

"సిరిసిల్ల దిక్కు టవర్లన్ని బంద్ అయినయక్కా. పొద్దటి సంది గిట్లనే, ఒకపారి అస్తున్నయి, ఒకపారి పోతున్నయి," అన్నాడు దావీదు.

వసంత తెర వైపు చూస్తూ కూర్చుంది. కామెంట్లవరకే. అవును, ఆమెకు దొరికింది అంతే, అది కూడా అడుక్కుంటే దొరికింది. పాత వాక్యం మళ్లీ పెట్టేస్తే ఇంకో ఫైలు వస్తుంది, దాని వెనక ఇంకోటి. గోడకు ఆనుకుని చప్పరించడానికి ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుంది.

"సిరిసిల్లకు బండ్లేమన్న పోతున్నయా దావీదన్నా?"

"జీపులు పోతున్నయి. వేములవాడ మీదికెల్లి."

అతని ల్యాండ్‌లైన్ నుంచి పక్కింటికి ఫోన్ చేసి నాగవ్వను పిలిపించింది. "అత్తమ్మా, నీ పేరు ఎక్కకపోవుడు నీ తప్పు కాదు, వాని తప్పు గూడ కాదు. మా సాఫ్ట్‌వేర్ తప్పు. నిన్న ఇచ్చింది గూడ ఎక్కలేదు కావచ్చు. సిరిసిల్ల పోయి అడిగొస్త."

నాగవ్వ వద్దంటుందనే అనుకుంది వసంత.

"నలుగుట్ల అన్నడు బిడ్డా వాడు," అంది నాగవ్వ. "కాదని నలుగుట్లనే అనిపియ్యి. పొద్దూకితె ఆడనే పండు. ఇంటికాడ నేనున్న."

*

వేములవాడ చేరకముందే జీపు ఆగిపోయింది. రోడ్డుకు అడ్డంగా రాళ్లపొయ్యిలు, వాటి మీద పెద్ద పెద్ద గంజులు. సమ్మె జనం వంటావార్పు. దారిన పోయేవాళ్లనెవరినీ తినకుండా కదలనియ్యడం లేదు. విస్తరాకు ముందు వసంత కూర్చోగానే, పప్పుచారు వడ్డిస్తున్న ఒకామె, "యాడికి పోతున్నవ్ చెల్లె, తల్లిగారింటికా?" అని అడిగింది.

"కాదక్కా. పని మీద."

"నౌకరా? మరి సమ్మెల లేవా?"

వసంతకు నవ్వు వచ్చింది. పని మానడానికైనా ముందు పని ఉండాలి కదా. "నౌకరి లేదక్కా," అంది. ఆమె ఇంకేం అడగకుండా ఇంకో గరిటె చారు పోసి ముందుకు పోయింది.

సిరిసిల్లలో దిగేసరికి పొద్దు వాలుతోంది. ఆ ఊరికి ఎప్పుడు వచ్చినా ముందు సాంచాల చప్పుడే ఎదురొచ్చేది. ఇంటింటా మరమగ్గాలు దడదడలాడుతుంటే మనుషులు అరుచుకుంటూ మాట్లాడుకునేవాళ్లు. ఇవాళ చెప్పుల చప్పుడు కూడా వినబడుతోంది. అరుగుల మీద మగవాళ్లు చేతులు మోకాళ్ల మీద వేసుకుని కరెంటు కోసం చూస్తున్నారు. ఊర్మిల వాళ్ల ఇంట్లో ముందుగదినిండా సాంచాలే. సగం నేసిన బట్ట వాటి మీద అట్లాగే ఉంది.

ఊర్మిల గుమ్మంలో వసంతను చూసి నిలబడిపోయింది. "అక్కా! గింత దూరం అచ్చినవా గీ బందుల?"

"ఫోన్ కలువలె."

లోపలి గదిలో చాప వేసింది. నీళ్లిచ్చింది. ఇద్దరూ కొంచెంసేపు ఇంటి మాటలు మాట్లాడుకున్నారు. ఆ మాటలు అయిపోయాక వసంత ల్యాబ్ సంగతి చెప్పింది. మోచేతి మడత, బెంచీ మీది నవ్వు, ఆరిపోయిన నెట్ డబ్బా, పచ్చ టిక్కు, అన్నీ చెప్పింది. ఎక్కడా గొంతు పెంచలేదు. ఊర్మిల వింటూ వింటూ చాప అంచు పీచు లాగుతోంది.

"నేనే మార్చిన," అంది.

వసంత నీళ్ల గ్లాసు కింద పెట్టింది.

"ఎండకాలం కరెంటు కోతలల్ల తెర మీద మొత్తం ఎర్ర డబ్బాలే వస్తుండె అక్కా. ల్యాబులోళ్లు రోజు ఫోన్ చేసి తిట్టుడు. మా సారు ఏమన్నడంటె, తప్పు రాకుంట చెయ్యి, లేకపోతె తప్పు కనపడకుంట చెయ్యి అన్నడు. ఒక్క వారమే కదా అనుకున్న. తరువాత సరిచేద్దామనుకున్న. ఎవ్వలు అడగలె." కళ్లు తుడుచుకుంది. "నీ మాట తియ్యబుద్ధి కాలె. గది ఉంటె కింద గూడ మంచిగున్నట్టే అనిపించింది."

కోపంతో వచ్చిన వసంతకు ఆ మాటతో కోపం ఎటు పోయిందో తెలియలేదు. పని నేర్చుకునే రోజుల్లో తప్పు చేసినప్పుడల్లా ఈ పిల్ల ఇట్లాగే అంచులు పీకుతూ కూర్చునేది.

"ముందుగాల కోరుట్ల ల్యాబుకు ఫోన్ చెయ్యి," అంది. "అవ్వ నిజంగనే ఇచ్చింది, తప్పు మాదే అని చెప్పు. రేపు ఆమె అస్తది. నలుగుట్ల చెప్పుమను."

"కంపెని తరఫున తప్పు మాది అనొద్దక్కా. కొనెటోళ్లు..."

"కంపెని తరఫున నాకెరుకలేదు. మార్చినదానివి నువ్వు. నీ తరఫున చెప్పు."

ఊర్మిల చాప అంచు వదిలేసింది. తర్వాత లేచి మూలనున్న ల్యాండ్‌లైన్ దగ్గరికి పోయింది. మొదట తడబడింది. అటువైపు నుంచి ఏవో అరుపులు వస్తుంటే, "కాదన్నా. అవ్వ ఆడింది అబద్ధం కాదు. మా దాంట్ల తప్పున్నది. కరెంటు పోయినప్పుడు ఎక్కియ్యకు, కాయితం మీద రాసుకో" అంది. పెట్టేసి వచ్చి లాప్‌టాప్ తెరిచింది. బ్యాటరీ కొద్దిగానే మిగిలి ఉంది. దాన్ని వసంత వైపు తిప్పింది.

"నువ్వే కొట్టక్కా."

వసంత చేతులు తుడుచుకుంది. మొదటి లైన్ దగ్గర వేళ్లు తడుముకున్నాయి. ఆ తర్వాత తడుముకోలేదు. తెగిన కనెక్షన్‌ను మూయడం, కొంచెం ఆగి మళ్లీ అడగడం, అప్పటికీ అందకపోతే రికార్డును అక్కడే దాచి, ఎర్ర అక్షరాలతో చేరలేదని చెప్పడం. ఊర్మిల పక్కనే మోకాళ్ల మీద కూర్చుని, "గీడ అది మల్ల తెగితే?" అని అడిగింది. వసంత ఆలోచించి ఇంకో లైను కలిపింది. ఇద్దరూ ఒక లైను గురించి వాదించుకున్నారు. ఊర్మిల చెప్పిందే సరైంది. వసంత నవ్వుతూ తన లైను కొట్టేసింది. ఊర్మిల లాప్‌టాప్‌లోనే డేటాబేస్ నడిపించి, వసంత ఒక పేరు ఎక్కిస్తుండగా మధ్యలో ఆపేసింది. తెర మీద ఎర్రగా వచ్చింది. "చేరలేదు." మళ్లీ నడిపించగానే ఆ పేరు తనంతట తానే పోయి చేరింది.

వసంత ఆ లైన్ల పైన, తన పాత వాక్యాన్నే మళ్లీ రాసి, చుక్క పెట్టింది.

"పేరు మాత్రం నాదే పడ్తదక్కా," అంది ఊర్మిల నేల చూస్తూ. "లాగిన్ నాది గద. మిగిలిన ఫైళ్ల కామెంట్లన్ని నీకే పంపిస్త. ఇంకో రెండు నెలలకు సరిపోయె పని."

మొన్నటిదాకా ఆ మాట కోసం వసంత ఎదురు చూసింది. ఇప్పుడు విని, లాప్‌టాప్ మెల్లగా మూసింది.

"కామెంట్లకు ఇంకెవల్లనన్న చూసుకో ఊర్మిలా."

"కోపమచ్చిందా?"

"కోపం కాదు." ఎట్లా చెప్పాలో వెతుక్కుంది. "గిప్పుడు చేసినం చూడు, గది చేసినంక ఇగ కామెంట్ల పని చెయ్యలేను. కుర్సి ఖాళీ అయితె చెప్పు. మీ దగ్గర కాకపోతె ఇంకో దగ్గర అడుగుత."

గాలి కోసం బయటికి వచ్చి అరుగు పక్కన నిలబడింది. సందు మసకబారుతోంది. ఎక్కడో ఒక ఇంట్లో బల్బు వెలిగింది, ఆ వెనక ఇంకోటి. "అచ్చింది, అచ్చింది!" అని ఎవరో అరిచారు. అరుగుల మీది మగవాళ్లు లేచి, పంచెలు బిగించుకుంటూ ఎవరి సాంచె దగ్గరికి వాళ్లు ఉరికారు. ఊర్మిల తండ్రి వసంతను రాసుకుంటూ లోపలికి పోయాడు. ఒక సాంచె కదిలింది, దాన్ని అందుకుని పక్కింటిది, తర్వాత సందంతా. కాళ్ల కింద నేల అదిరింది. ఎవరికీ ఎవరినీ చూసే తీరిక లేదు. అందరి చేతులకూ పని దొరికింది. వసంత తన చేతులు రెండూ ఒకదానిలో ఒకటి బిగించుకుని ఆ తలుపుల వైపు చూస్తూ నిలబడింది.

ఫోన్ మోగింది. టవర్లు లేచినట్టున్నాయి. జలపతి.

"అమ్మ చెప్పింది, సిరిసిల్ల పోయినవంట? ఏందా సప్పుడు?"

"సాంచాలు. కరెంటచ్చింది."

"ఏందీ?"

"నేను మల్ల హైదరాబాద్ పోత. పని చేస్త," అంది వసంత.

"వినబడ్తలేదు. జర పక్కకు జరిగి చెప్పు."

వసంత సందు చివరికి చూసింది. అక్కడ చప్పుడు కొంచెం తక్కువే ఉంటుంది. కానీ కదలలేదు. ఫోన్ నోటికి దగ్గరగా పట్టుకుని, ఆ చప్పుడు మధ్యలోనే, ఇంకా గట్టిగా మళ్లీ చెప్పింది.